పద్నాలుగో గొట్టంలోని రక్తం

పద్నాలుగో నంబరు మంచం మీద దుప్పటి మడత చెక్కుచెదరలేదు.

ఇన్‌స్పెక్టర్ సిది చెంగో గుమ్మంలోనే నిలబడి గదంతా ఒకసారి చూసింది. గోడకు ఛార్జింగులో పెట్టిన ఫోను. కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు. బల్ల మీద సగం తిన్న మహమ్రీ రొట్టె, దాని చుట్టూ చీమలు. పారిపోయేవాడు ఫోను వదిలి వెళ్లడు. ఎత్తుకుపోయినవాళ్లు తువ్వాలు ఆరెయ్యరు.

శనివారం, ఉదయం ఎనిమిదీ పది.

"ఎన్ని గంటల టైముంది మనకి?" అంది వెనక్కి తిరగకుండానే.

"ఎన్ని గంటలని చెప్పలేను. ఎంత త్వరగా దొరికితే అంత మంచిది," అంది డాక్టర్ మ్వానైషా. కిబాని పరిశోధన కేంద్రానికి ఆవిడే పెద్ద. రాత్రంతా నిద్రలేని కళ్లు. "పదకొండు రోజుల క్రితం, మంగళవారం, ఇరవై నాలుగు మంది వాలంటీర్లకి మలేరియా క్రిములు మేమే ఎక్కించాం. టీకా పనిచేస్తోందా లేదా చూడ్డానికి. రోజుకి రెండుసార్లు రక్తం తీస్తాం. చిన్న బొట్టులో క్రిములు ఐదొందలు దాటితే వెంటనే మందు. ఇంతవరకూ ఎవరికీ ప్రమాదం రాలేదంటే అందుకే. నిన్న రాత్రి తొమ్మిదింటికి పద్నాలుగో నంబరు రిపోర్టు వచ్చింది. పంతొమ్మిది వందలు. మందు పట్టుకుని గదికి పరుగెత్తాం. జెఫ్వా లేడు."

జెఫ్వా కరీసా. ఇరవై ఆరేళ్లు. చేపల పడవ మీద పని.

"ఊళ్లో అప్పుడే పుకార్లు," అంది మ్వానైషా. "రక్తం పీల్చి సముద్రంలో పారేశామట. అతను దొరక్కపోతే ఈ కేంద్రం గేటు మళ్లీ తెరుచుకోదు. అది తర్వాత సంగతి. ముందు ఆ మనిషి బతకాలి."

వరండాలో బూట్ల చప్పుడైంది. చీఫ్ ఇన్‌స్పెక్టర్ చెరుయోట్ వచ్చాడు. మొంబాసా నుంచి తెల్లవారుజామునే దిగాడు, ఎవరూ పిలవకుండానే. ఆయన వెంట కేంద్రంలో రెండో పెద్ద, డాక్టర్ న్యామై. చెరుయోట్ చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఒక జత రబ్బరు చెప్పులు.

"ఏం సిదీ, ఇంకా దుప్పట్లు లెక్కపెడుతున్నావా?" అన్నాడు చెరుయోట్. "కేసు అయిపోయింది. సముద్రపు పాయ ఒడ్డున దొరికాయి. గజ ఈతగాళ్లని పిలిపించాను."

"మలేరియా మెదడుకి ఎక్కితే మనిషి ఏం చేస్తున్నాడో తనకే తెలియదు," అన్నాడు న్యామై మెల్లగా. పల్చటి మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. "నీళ్లలోకి నడుచుకుంటూ వెళ్లిపోయి ఉంటాడు. పాపం."

సిది సంచి అందుకుని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇవి ఎలా ఉన్నాయి సార్ అక్కడ?"

"ఎలా ఉంటాయి? చెప్పుల్లా ఉన్నాయి."

"చెల్లాచెదురుగానా, పక్కపక్కనా?"

"పక్కపక్కనే. పైన రాయి ఒకటి ఉంటే తీసి పారేశాను."

"రాయి," అంది సిది. "చావబోయేవాడు పోటుకి చెప్పులు కొట్టుకుపోతాయని రాయి పెట్టడు సార్. తిరిగొచ్చేవాడు పెడతాడు. బురదలో దిగి పడవ ఎక్కేవాడు. ఇక్కడ జనాన్ని నాటు పడవలో దాటించే ముసలాయనకి మీరు ఫోన్ చేశారా?"

చెరుయోట్ బెల్టు సర్దుకున్నాడు.

"నేను చేశాను, వస్తూ దారిలో. జెఫ్వా నిన్న సాయంత్రం ఐదింటికి అవతలి ఒడ్డుకి దాటాడు. నవ్వుతూ, పాట పాడుతూ వెళ్లాడట. మెదడుకి మలేరియా ఎక్కినవాడు పాడిన పాటకి ముసలాయన తాళం కూడా వేశాడట."

న్యామై మొహంలో ఏ మార్పూ లేదు. చెరుయోట్ మొహం మాత్రం కందగడ్డలా అయింది.

"అయితే అవతల చచ్చాడు," అన్నాడు.

"కావచ్చు. అవతలి ఒడ్డు చెక్‌పోస్టులన్నిటికీ పేరు, ఫొటో పంపించాను. కానీ నన్ను తొలిచేస్తున్నది వేరే." సిది మ్వానైషా వైపు తిరిగింది. "డాక్టరుగారూ, నిన్న సాయంత్రం రక్తం ఎన్నింటికి తీశారు?"

"ఐదింటికి మొదలు. పద్నాలుగో నంబరు వంతు ఐదున్నర దాటాకే."

ఐదింటికి నీళ్లు దాటిన మనిషి రక్తం ఐదున్నర తర్వాత గొట్టంలోకి ఎలా వచ్చింది?

*

రక్తం తీసే గది చిన్నది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఫ్రిజ్, చేతులు కడుక్కునే తొట్టి. సిది తలుపు వేసుకుని ఎవరినీ రానివ్వలేదు. చెరుయోట్ బయట నిలబడి గొణుగుతున్నాడు.

ముందు పట్టిక చూసింది. ఒక్కొక్కరి నంబరు, ఎదురుగా టైము, నర్సు పొడి అక్షరాలు. పదకొండు, ఐదూ నలభై రెండు. పన్నెండు, నలభై ఆరు. పదమూడు, యాభై. అందరికీ మధ్య నాలుగేసి నిమిషాలు. పద్నాలుగు, యాభై నాలుగు. పదిహేను మాత్రం ఆరూ ఐదు.

నాలుగు నిమిషాల పని ఒక్కచోటే పదకొండు నిమిషాలు పట్టింది. ఎందుకు? చెయ్యి వణికితే పడుతుంది. ఒంటి చేత్తో చేస్తే పడుతుంది.

బల్ల సొరుగులు లాగింది. దూది, సూదులు, అంటించే పట్టీలు. గ్లవ్స్ పెట్టె ఒకటి గోడకి అంటుకోకుండా ఎడంగా ఉంది. వెనక చెయ్యి పెడితే ఒక మందు అట్ట తగిలింది. మలేరియా బిళ్లలు, ఇరవై నాలుగు పట్టే అట్ట. ఎనిమిది గూళ్లు ఖాళీ. కేంద్రం ముద్ర లేదు, బజారులో కొన్నది.

సిది ఆ అట్టని రుమాల్లో పెట్టుకుంది. ఈ మందు పేరు తెలియని మనిషి ఈ తీరంలో లేడు. మొదట నాలుగు, ఎనిమిది గంటలకి నాలుగు. ఎవరో రెండు మోతాదులు వేసుకున్నారు. వాలంటీరు ఎవరైనా దొంగతనంగా వేసుకుంటే పరీక్షే పాడవుతుంది. కానీ ఈ గది తాళం వాలంటీర్ల దగ్గర ఉండదు.

తలుపు తీసింది. "నిన్న సాయంత్రం డ్యూటీ ఎవరిది?"

"రిజికిది," అంది మ్వానైషా. "పన్నెండేళ్ల నుంచి ఉంది. నాకు కుడిచెయ్యిలాంటిది."

నర్సు రిజికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. నలభై దాటిన మనిషి. ఎండలో కూడా పొడుగు చేతుల స్వెటర్ వేసుకుంది.

"జెఫ్వా చెయ్యి ఎలా ఉంది నిన్న? నరం దొరికిందా?" అంది సిది.

"దొరికింది మేడమ్. ఎప్పటిలాగే."

"ఎన్నింటికి?"

"పట్టికలో రాశాను కదా. యాభై నాలుగుకి."

"అప్పటికి అతను అవతలి ఒడ్డున ఉన్నాడు. నీ సూది నీళ్ల మీదుగా అంత దూరం వెళ్లిందా?"

రిజికి స్వెటర్ చేతుల్ని మణికట్ల దాకా లాక్కుంది. చెరుయోట్ ముందుకొచ్చాడు.

"ఇంకేం చూస్తున్నావ్? వాణ్ణి మాయం చేసింది ఇదే. ఆ చేతులు ఇలా తే!" అంటూ బేడీలు తీశాడు.

"ఆగండి సార్."

"నువ్వెవరు నన్ను ఆపడానికి? నీ కంటే ఒక మెట్టు పైన ఉన్నాను."

"మెట్లు మొంబాసాలో ఎక్కండి. కిబాని స్టేషన్ నాది. ఈ మనిషిని అరెస్టు చేస్తే కాగితం మీద సంతకం నాదే ఉండాలి, నేను పెట్టను." సిది గొంతు పెంచలేదు. రిజికి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎడమ చెయ్యి స్వెటర్ పైకి తియ్యి తల్లీ."

రిజికి కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వెటర్ పైకి లాగింది. మోచేతి మడతలో తెల్లటి పట్టీ, చుట్టూ నల్లగా కమిలిన చర్మం.

"నా రక్తమే అక్కా," అంది. "వాడు మా ఊరివాడు. అత్తా అని పిలుస్తాడు. పెళ్లానికి అవతల మలింది ఊళ్లో నొప్పులొచ్చాయని కబురొచ్చింది. పొద్దున ఆరుకల్లా వచ్చేస్తానని కాళ్లు పట్టుకున్నాడు. ఒక్కసారి రక్తం ఇవ్వకపోతే పరీక్షలోంచి తీసేస్తారు. పొద్దున కూడా వాడి రక్తంలో ఏమీ లేదు కదా, ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకుని నాది తీసి పోశాను. ఒక చేత్తో తీసుకునేసరికి నరం జారిపోయింది, రెండుసార్లు పొడుచుకున్నాను."

"అంటే జెఫ్వాకి పంతొమ్మిది వందలు లేవు," అంది మ్వానైషా. గోడకి ఆనుకుంది. "నేను అప్పుడే అనుకున్నాను... పొద్దున సున్నా, సాయంత్రానికి పంతొమ్మిది వందలు. మా క్రిములు అలా ఎగబాకవు. రెండు రోజులకి పది రెట్లు అంతే. మిషను తప్పేమోనని రెండుసార్లు వేయించాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది సిది.

"ముందు మందు పడాలి, కారణం తర్వాత అనుకున్నాను. నా తప్పే."

"రాత్రి రిపోర్టు విన్నాక నీకు అర్థమైంది, అవునా?" అని సిది రుమాలు విప్పి అట్ట చూపించింది.

రిజికి తలూపింది. "నాకే ఉందని తెలిసింది. బుధవారం నుంచి తలనొప్పిగానే ఉంది. మనకి ఇది కొత్తా అక్కా? వానాకాలం వస్తే ఎవరో ఒకరికి తగలాల్సిందే. బిళ్లలు కొని వేసుకున్నాను. చెబుదామని నాలుగుసార్లు డాక్టరమ్మ తలుపు దాకా వెళ్లాను. ఉద్యోగం పోతుందని వెనక్కొచ్చాను. వాడు ఎక్కడో క్షేమంగా ఉన్నాడని తెలుసు గానీ, మీరంతా నీళ్లలో వెతుకుతుంటే..." ముక్కు చీదింది. "తప్పు చేశాను."

సిది లేచి నిలబడింది. తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్న డాక్టర్ న్యామై అప్పుడే వెనక్కి తిరిగి వరండాలోకి వెళ్లిపోవడం చూసింది. ఫోన్ మోగిందేమో అనుకుంది.

తొమ్మిదీ నలభై.

*

పదింబావుకి గేటు దగ్గర గొడవ వినిపించింది. మోకాళ్ల దాకా బురదతో, ఉత్త కాళ్లతో ఒక కుర్రవాడు. చెరుయోట్ వాడి కాలరు పట్టుకుని ఊపేస్తున్నాడు.

"బతికే ఉన్నావా నువ్వు? ఎంతమంది పరువు తీశావో తెలుసా!"

"కూతురు పుట్టింది సార్!" అంటున్నాడు జెఫ్వా, కాలరు బిగుసుకుని గొంతు కీచుమంటున్నా నవ్వు ఆగడం లేదు. "పొద్దున పోటు తగ్గి నీళ్లు తీసేశాయి, పడవ కదల్లేదు. నా చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారు సార్!"

నవ్వకూడదనుకున్నా సిదికి నవ్వొచ్చింది. "నీ చెప్పులు పోలీసు శాఖ స్వాధీనంలో ఉన్నాయిలే. ముందు రక్తం ఇవ్వు."

అరగంటలో గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూశారు. జెఫ్వా రక్తంలో ఒక్క క్రిమి కూడా లేదు.

చెరుయోట్ బల్ల మీద టోపీ పడేశాడు. "అయిపోయింది కదా. తప్పిపోయినవాడు దొరికాడు, ఒక నర్సు అబద్ధం ఆడింది, దానికి ఊరి మలేరియా. మీ ఇంటి గొడవ మీరు చూసుకోండి. టీ ఇప్పిస్తే తాగి పోతాను."

టీ వచ్చేలోగా మ్వానైషా వచ్చింది. చేతిలో ఒక కాగితం. దాన్ని పట్టుకున్న తీరు చూసి సిది కుర్చీలోంచి లేచింది.

"రక్తంలో క్రిములు కనిపిస్తే అవి ఏ జాతివో తేలుస్తాం," అంది మ్వానైషా. "మేం ఎక్కించేది ల్యాబ్‌లో పెంచిన పాత జాతి. మామూలు మందులకే చస్తుందని దాన్నే వాడతాం. ఈ తీరంలో ఏ దోమలోనూ అది లేదు. బయట ఎక్కడా తగలదు."

"అయితే?"

"రిజికి రక్తంలో ఉన్నది అదే."

చెరుయోట్ చెయ్యి టోపీ మీదే ఆగిపోయింది.

"వాలంటీరుని కుట్టిన దోమ ఈవిడని కుట్టి ఉంటే?" అన్నాడు.

"కుదరదు. దోమ కడుపులో అవి తయారవడానికే పది రోజులు కావాలి. తర్వాత మనిషి లివర్‌లో ఇంకో వారం. మేం ఎక్కించి మొత్తం పదకొండు రోజులే అయింది. సూదితోనే వెళ్లాలి. అదీ అదే మంగళవారం, లేదా ఒకటి రెండు రోజుల్లో."

సిది రిజికి పక్కన కూర్చుంది. "ఆ రోజు సూది గుచ్చుకుందా తల్లీ? దాచకు. ఇప్పుడు ఉద్యోగం గురించి ఆలోచించకు."

"లేదక్కా. నా పిల్లల మీద ఒట్టు. గుచ్చుకుంటే డాక్టరమ్మకి ఆ క్షణమే చెప్పేదాన్ని."

"ఆ వారంలో నీకు ఏ సూదైనా వేశారా? ఏదైనా సరే."

రిజికి ఆలోచించింది. "టైఫాయిడ్ టీకా ఒక్కటే. వంటవాళ్లకీ పనివాళ్లకీ సర్టిఫికెట్ కావాలని న్యామై డాక్టరుగారు వేశారు. మంగళవారమే. వాలంటీర్లందరికీ అయిపోయిన వెంటనే పిలిచారు, పది నిమిషాల్లో అందరూ రండి, మందు చెడిపోతుందని." అని ఆగింది. ఆమె మొహంలో ఏదో మారింది. "అక్కా... టైఫాయిడ్ టీకా భుజం కండలో వేస్తారు. ఆయన నరంలోకి వేశారు. ఇదేంటి సార్ అన్నాను. కొత్త రకం అన్నారు. పెద్ద డాక్టరు, ఇంకేం అడుగుతాను?"

మ్వానైషా చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. "వాలంటీర్లకి ఎక్కించగా మిగిలిన క్రిముల ద్రవాన్ని నాశనం చేశామని ఆ రోజు సంతకం పెట్టింది న్యామై."

"ఎందుకు చేస్తాడు?" అంది సిది.

"ఏడాదిగా నాతో వాదన. ఇక్కడివాళ్లకి చిన్నప్పటి నుంచి మలేరియా తగిలి తగిలి ఒంట్లో కొంత శక్తి ఉంటుంది, టీకా వెయ్యని పనివాళ్ల మీద కూడా చూడకపోతే మన లెక్క అబద్ధం అనేవాడు. చూద్దాం, వాళ్లని అడిగి, ఒప్పుకుంటే, అనుమతి తెచ్చుకుని చూద్దాం అన్నాను. రెండేళ్లు పడుతుంది, అప్పటికి ఇంకొకరి పేరు వస్తుంది అన్నాడు." కళ్లు తుడుచుకుంది. "మా వాలంటీర్లు తెలిసి, చదివి, సంతకం పెట్టి, మా చేతిలో ప్రాణం పెట్టి వచ్చారు. ఈ పనంతా ఆ నమ్మకం మీదే నిలబడింది."

"ఏడుపు తర్వాత డాక్టరుగారూ. ఎంతమంది?" అంది సిది. "పేర్లు చెప్పు రిజికీ, త్వరగా."

ఆరుగురు. నలుగురు ఆవరణలోనే ఉన్నారు. ఐదు నిమిషాల్లో అందర్నీ వరండాలో కూర్చోబెట్టారు. తోటమాలికి నూట మూడు జ్వరం, ఎండ దెబ్బ అనుకున్నాడు. మ్వానైషా మొదటి మోతాదు తన చేత్తో మింగించి, మిగతా ముగ్గురికీ బిళ్లలు పంచింది. రిజికి ఐదో మనిషి.

"ఆరో మనిషి?"

"వంట చేసే దామా," అంది రిజికి. "బుధవారం నుంచి సెలవు. ఒళ్లు నొప్పులని జిలోరెలో పుట్టింటికి వెళ్లింది. ఫోన్ కలవడం లేదు. అక్కా, అది ఐదో నెల కడుపుతో ఉంది."

గర్భిణి ఒంట్లో ఈ జ్వరం ఏం చేస్తుందో ఆ గదిలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రాణగండం.

"న్యామై ఎక్కడ?" అంది సిది.

వరండాలో లేడు. తన గదిలో లేడు. కారు చెట్టు కిందే ఉంది. సిది చెరుయోట్ వైపు చూసింది. ఆయన నుదుటి మీద చెమట.

"నేనే పంపాను," అన్నాడు చెరుయోట్.

"ఎక్కడికి?"

"పది కాకముందు నా దగ్గరికి వచ్చాడు. జెఫ్వా చుట్టాలు లోపలి ఊళ్లలో ఉన్నారు, నేను వెళ్లి చూసొస్తా, నా కారు టైరు పోయింది అన్నాడు. నువ్వు వెతకని చోట నేను వెతికించినట్టు ఉంటుందని..." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "నా జీపూ నా డ్రైవరునీ ఇచ్చాను. జిలోరె దారి అన్నాడు."

"ఫోన్ చెయ్యండి డ్రైవరుకి. స్పీకరులో."

నాలుగోసారికి ఎత్తాడు డ్రైవరు. వెనక గాలి, మేకల అరుపులు. "సార్, నేనే చేద్దామనుకుంటున్నాను, సిగ్నల్ లేదు. రెండుసార్లు బురదలో దిగబడి జిలోరె మలుపు దాకా వచ్చాక, నీళ్ల సీసా తెమ్మని డాక్టరుగారు దింపారు. తెచ్చేసరికి జీపు లేదు సార్. ఆయనే నడుపుకుంటూ పోయారు. ఇరవై నిమిషాలైంది."

"ఆయన దగ్గర ఏముంది?" అని సిది ఫోన్ లాక్కుంది. "సంచి ఉందా? మందులున్నాయా?"

"ఐసు పెట్టె ఒకటుంది మేడమ్."

మ్వానైషా అప్పటికే పరుగెత్తింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది, రొప్పుతూ. "మందుల బీరువా చూశాను. మలేరియా బిళ్లల అట్టలు ఒక్కటి కూడా తగ్గలేదు. పోయినవి ఖాళీ గొట్టాలు. ఆరు. రక్తం తీసే సూదులూ."

సిదికి అర్థమైంది. అతను దామాకి మందు ఇవ్వడానికి వెళ్లలేదు. దామా రక్తం కోసం వెళ్లాడు. పదకొండో రోజు, మందు పడని ఒక గర్భిణి రక్తం. పేరు తెచ్చుకోవడానికి అతనికి కావలసింది ఆ రక్తం, రుజువు మాపుకోవడానికి కావలసింది ఆమె నోరు విప్పకపోవడం. రెండు పనుల్లోనూ ఆమె బతకాల్సిన అవసరం లేదు.

"బిళ్లలు ఇవ్వండి. గర్భిణికి సరిపోయేవి," అంది. మ్వానైషా రెండు అట్టలు చేతిలో పెట్టి, ఎలా వెయ్యాలో మూడు ముక్కల్లో చెప్పింది.

"నేనూ వస్తా," అంది రిజికి. స్వెటర్ విప్పి కుర్చీ మీద పడేసింది. "దాని ఇల్లు రోడ్డు మీంచి కనబడదు. జీడితోట వెనక అడ్డదారి ఉంది, నాకు తెలుసు. జీపు అక్కడికి చేరాలంటే వాగు చుట్టి రావాలి."

"నీకు జ్వరం."

"రెండు మోతాదులు పడ్డాయిగా. దానికి ఒక్కటీ పడలేదు."

సిది బండి స్టార్ట్ చేసింది. ఎడమవైపు తలుపు తెరుచుకుంది. చెరుయోట్, టోపీ లేకుండా.

"తప్పు నాది సిదీ. నన్నూ రానీ."

"వెనక కూర్చోండి సార్. ముందు సీటు దారి తెలిసినవాళ్లది."

ఆయన వెనక ఎక్కాడు. రిజికి ముందు కూర్చుని మందు అట్టలు రెండూ ఒళ్లో పెట్టుకుంది. గేటు దాటగానే సిది కుడివైపుకి కోసి, ఎర్రమట్టి దారి మీద బండిని వదిలింది. పదకొండూ యాభై రెండు. జిలోరె నలభై కిలోమీటర్లు. న్యామై అక్కడికి చేరి ఇప్పటికి పది నిమిషాలై ఉంటుంది.

"దామా నంబరు మళ్లీ కొట్టు," అంది సిది.

రిజికి కొట్టింది. ఈసారి రింగయింది. ఒకటి, రెండు, మూడు. ఎవరో ఎత్తారు.

"దామా? ఒసే దామా, నేనే, రిజికిని! నా మాట విను, డాక్టరు వస్తే తలుపు తియ్యకు..."

అవతల ఒక మగ గొంతు, మెల్లగా, మర్యాదగా పలికింది.

"తలుపు తీసే ఉంది సిస్టర్."